పరదేశయాత్రలో పొరపాటులు

భారతమున సభాపర్వము చదివిన సోదరీమణులకు మయసభ కథ తెలియనిది కాదు. దుర్యోధనుడు స్ఫటికపు నేలను నీరనుకొని బట్టలు పైకెత్తికొనుట, నీటిని నేలయనుకొని అందులో పడుట, చూచినవారు నవ్వుట, ఆ నవ్వు అతని మనస్సున ముల్లై నాటుకొనుట మనము చిన్ననాటినుండి వినుచున్నదే. దుర్యోధనుడు దుష్టుడే గాని, ఆ పూట మాత్రము అతడు క్రొత్త యింటికి వచ్చిన అతిథి. నేల యేదో నీరేదో తెలియకపోవుట అతిథి తప్పు కాదు గదా! చిన్నప్పుడు నేనును అందరితోపాటు నవ్వినదాననే. 2024వ సంవత్సరము మే నెలలో జపాను దేశమున ఇరువదియారు దినములుండి వచ్చిన పిమ్మట నాకా నవ్వు రాకున్నది.

ఈ కాలమున మన స్త్రీలు విదేశములకు వెళ్ళుట వింత కాదు. కొడుకు కాపురము చూచుటకు కొందరు, కూతురికి పురుడు పోయుటకు కొందరు సముద్రములు దాటుచునే యున్నారు. పాస్‌పోర్టు సంగతి, పెట్టె బరువు సంగతి, ఆవకాయ నూనె కారకుండ కట్టు విధము చెప్పువారు ఇంటింట నున్నారు. తిరిగివచ్చినవారు చూచిన మేడలను గూర్చియు, ఎక్కిన రైళ్ళను గూర్చియు చెప్పుదురు. అక్కడ పడిన సిగ్గుపాటులు మాత్రము పెట్టె యడుగుననే యుండిపోవును. నేను వానినే విప్పదలచితిని.

మా తమ్ముడు క్యోటో నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. ఒక వృద్ధురాలి యింటిలో పై యంతస్తున రెండు గదులలో నుండును. క్రింద ఆమెయు, ఆమె కూతురును, ఎనిమిదేండ్ల మనుమరాలును కాపురముందురు. స్నానపుగది అందరికి నొక్కటియే. మా వారు బడిపంతులగుటచే వేసవి సెలవులలో పిల్లలను అత్తగారిని తాము చూచుకొందునని ధైర్యము చెప్పి నన్ను పంపిరి.

మొదటి సిగ్గు విమానాశ్రయముననే కలిగినది. తమ్మునికి ప్రియమని తడిగుడ్డలో చుట్టి తెచ్చిన కరివేపాకును అచ్చటి యుద్యోగి పైకి తీసి చూచెను. పచ్చి ఆకులు, కాయలు, విత్తనములు, మొక్కలు బయలుదేరిన దేశపు ప్రభుత్వము వారి ధ్రువపత్రము లేనిదే ఆ దేశమున అడుగు పెట్టరాదట. ఇంత ఆకునకు పత్రమేమని నేననుచుండగనే అది బుట్టలోనికి పోయినది. నా వెనుక వరుసలో నున్నవారందరు నా చేతి తడిగుడ్డను చూచుచుండిరి. వెళ్ళబోవువారు ఆకును ఎండబెట్టి పొడిచేసికొని పోయినను, దానిని గూర్చి ముందుగా విచారించుట మేలు.

ఇల్లు చేరితిమి. వాకిట గుమ్మములోపల పల్లపు తావొకటి కలదు. దానిని గెన్కాన్ అందురు. చెప్పులు అచ్చటనే విడిచి, మెట్టెక్కి, ఇంటిచెప్పులు తొడుగుకొని లోనికి పోవలెను. ఇది మనకు కష్టము కాదు. గుమ్మము బయట చెప్పులు విడుచు జాతివారమే గదా యని నాకు గర్వముకూడ కలిగినది. చాపలు పరచిన గదిలోనికి ఆ యింటిచెప్పులును రాకూడదు. అదియును పట్టుపడినది. కాని మరుగుదొడ్డి వాకిట వేరొక జత యుండును. ఆ గడప దాటునప్పుడు తొడుగుకొని, వచ్చునప్పుడు అక్కడనే విడిచి రావలెను. రెండవనాటి యుదయమున ఆ జతతోడనే నేను వంటయింటి గడపవరకు నడిచి వచ్చి, నిలువబడి, వృద్ధురాలికి వంగి నమస్కరించితిని. ఆమె నా ముఖమునే చూచి ప్రతినమస్కారము చేసెను గాని చూపు క్రిందికి దింపలేదు. ఆ పసిపిల్ల మాత్రము నోటికి చేయి యడ్డము పెట్టుకొనెను. మా యత్తగారి మడివంటలోనికి ఎవరైన అట్లు వచ్చియుండినచో ఊరంతయు వినబడియుండును!

స్నానము సంగతి ఇంతకంటె పెద్దది. లోతైన తొట్టినిండ వేడినీరు నింపి, మూత వేసి యుంచిరి. అతిథినగుటచే మొదటి స్నానము నాదన్నారు. వెలుపల పీటపై కూర్చుండి సబ్బుతో ఒడలు శుభ్రముగా కడుగుకొన్న పిమ్మటనే తొట్టిలోనికి దిగవలెనని తమ్ముడు చెప్పియుండెను, అట్లే చేసితిని. లేచినతరువాత నాకొక శంక కలిగినది. నేను మునిగిన నీట మరియొకరు మునుగుట యెట్లు? నా మైల వారికి అంటించుటయా? ఈ విధముగా ధర్మబుద్ధితో ఆలోచించి, అడుగున నున్న బిరడా లాగివేసి, తొట్టికూడ తోమి పెట్టి, ఎంతయో పుణ్యము చేసినదానివలె బయటికి వచ్చితిని.

ఆ నీరు అయిదుగురిది. ఒకరి వెనుక నొకరు ఆ నీటనే దిగుదురు. అందుకొరకే ముందుగా వెలుపల కడుగుకొనుట. దిగునది మురికి పోవుటకు కాదు, కాచుకొనుటకు. కొందరిండ్లలో మిగిలిన నీటిని మరునాడు బట్టలుదుకుటకును వాడుకొందురట. పనినుండి అలసి వచ్చిన ఆ కూతురు తువాలుతో గదిలోనికి పోయి, వట్టి తొట్టిని చూచి, మాటాడక మరల నీరు విడిచెను. అది నిండి కాగువరకు అందరు కాచుకొని కూర్చుండిరి. శుచియని నేను చేసినది వారికి దుబారా యైనది. అశుచియని నేను భయపడినది వారికి కలసి బ్రదుకుట.

ఇక నేను గదిలోనుండి బయటికి రానని భీష్మించుకొనగా, తమ్ముడు తన సంచినుండి పదివేల యెన్‌ల నోటు తీసి, దానిపైనున్న బొమ్మను చూపెను. ఆయన ఫుకుజావా యుకిచి యను పండితుడు, కేయో విశ్వవిద్యాలయమును స్థాపించినవాడు. 1984 మొదలు 2024 జూలైలో క్రొత్త నోట్లు వచ్చువరకు ఆ నోటుపై ఆయనయే యుండెను. 1860లో కాన్రిన్‌మారు అను ఓడపై అమెరికాకు పోయిన జపాను వారిలో ఆయన యొకడు. తమ దేశమున ధనికులు పొగాకు సంచులు కుట్టించుకొనుటకు అంగుళముల లెక్కను కొనుక్కొను రత్నకంబళి గుడ్డను సాన్‌ఫ్రాన్సిస్కోలో గదినిండ పరచి దానిపై బూటుకాళ్ళతో నడచుచుండగా చూచి ఆయన నివ్వెరపోయెను. పొగ త్రాగి, బూడిద వేయుటకు పాత్ర కానరాక, నేలపై వేయ మనసొప్పక, దానిని కాగితమున పొట్లము కట్టి తన అంగీ చేతిలో దాచుకొనెను. కొంతసేపటికి ఆ చేతినుండి పొగ రాజొచ్చెను! ఈ సంగతిని ఎవరో పరిహాసమునకు వ్రాసినది కాదు, ఆయనయే తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. 1872లో ఆ దేశమున మొదటి రైలుబండి నడిచినప్పుడు జనులు బండి యెక్కుచు ఇంటిలోనికి పోవునట్లు చెప్పులు ప్లాటుఫారముపైననే విడిచి, దిగినచోట వట్టికాళ్ళతో నిలిచిరని కూడ ఒక కథ చెప్పుకొందురు. కథయే కావచ్చును గాని ఆ రాత్రి నాకది మంచి మందైనది.

చిల్లర పొరపాటులు చాల కలవు. ఫలహారపు దుకాణమున బల్లపై నూరు యెన్‌ల నాణెము వదలి వచ్చితిని. వడ్డించిన పిల్ల వీధి మలుపువరకు పరుగెత్తుకొని వచ్చి దానిని నా చేతిలో పెట్టెను. అక్కడ ఇనాము ఇచ్చు వాడుక లేదు. మనము కుడిచేతితో ఇచ్చుట మర్యాద యనుకొందుము. అచ్చట ఎడమ కుడి పట్టింపు కాదు, రెండు చేతులతో ఇచ్చి రెండు చేతులతో పుచ్చుకొనుట మర్యాద. పేరునకు ‘సాన్’ అని చేర్చుట మన ‘గారు’ వంటిదని విని, నా పేరునకును దానిని చేర్చి చెప్పుకొంటిని. ఎవరైన మన యింటికి వచ్చి ‘నేను సుబ్బమ్మగారిని’ అన్నచో మనకెట్లుండునో యోచింపుడు. ఏదైన అడిగినప్పుడు వారు ‘చోత్తో’ అని సగములో ఆపుదురు. ఆ మాటకు కొంచెము అని అర్థము. కొంచెమైన నగును గాబోలునని నేను కాచుకొని కూర్చుంటిని. ఆ సగము మాట కాదనుటకే. మనము మాత్రము? ‘చూతము లెండి’ అని పంపివేసిన పనులు ఎన్ని లేవు?

ఒక్కటి మాత్రము చిల్లరది కాదు. శాకాహారులు దీనిని గుర్తుంచుకొందురు గాక. మాంసము లేదా, చేపలు లేవా యని అడిగి, లేవనిపించుకొని, వారము దినములు పులుసులును సేమియా వంటి వంటకములును తృప్తిగా తింటిని. వారబద్ధము చెప్పలేదు. ముక్కలు లేవు. కాని ఆ దేశపు పులుసులకు మూలమైన దాషి యను రసమును ఎక్కువగా ఎండుచేపను చెక్కిన పొరలతో కాచుదురు. తెలిసిననాడు నాకు అన్నము సహింపలేదు. అడుగవలసిన ప్రశ్న నేనడుగలేదు, తప్పు వారి మీద నెట్టుటకు లేదు. ఈ సంగతి తమ్మునివలన విని వృద్ధురాలు, బౌద్ధమఠములలో సన్న్యాసులకు వండు రీతిని, కొంబు అను సముద్రపు నాచుతోను ఎండబెట్టిన పుట్టగొడుగులతోను రసము కాచి, నన్ను భోజనమునకు పిలిచెను. దానికై ముందటి రాత్రియే నాచు నానవేసినదట.

నా మహాపరాధము ఆ భోజనముననే జరిగినది.

పుల్లలతో తినుట రెండు వారములు అభ్యసించి, సెనగగింజ నైనను ఎత్తగల నేర్పు సంపాదించితిని. ఆ నేర్పు చూపవలెనని మనసున నుండెను, ఏల దాచవలెను? సోయా జున్ను, గుమ్మడిముక్కలు, చిన్న గిన్నెతో అన్నము వడ్డించిరి. పుల్లలు ఆనించుటకు పక్కన చిన్న పింగాణీ చేప యుండెను. అది ఆటబొమ్మ యనుకొంటిని. నడుమ టీగిన్నె నందుకొనవలసివచ్చి, పుల్లల జతను అన్నములో నిలువుగా గ్రుచ్చితిని. మాటలు ఆగిపోయినవి. ఎందుకాగినవో తెలియక, పిల్లను మంచి చేసికొందమని, మరల పుల్లలు తీసి ఒక గుమ్మడిముక్కను పట్టి, ఆమె పుల్లలకు అందించబోతిని. ఆ పిల్ల చేయి వెనుకకు లాగుకొని అమ్మమ్మ ముఖము చూచెను. వృద్ధురాలు తన పళ్ళెమును మెల్లగా నా ముందునకు జరిపెను. ముక్కను అందులో పెట్టితిని. ఆమె దానిని తానే తినెను. భోజనము సాగినది. ఎవ్వరును ఒక్క మాట అనలేదు.

పైకి వచ్చినపిమ్మట తమ్ముడు చెప్పెను. ఎవరైన పోయినప్పుడు, శవము తలదిండు కడ గిన్నెడు అన్నము గోపురమువలె పోసి, అందులో పుల్లలను నిలువుగా గ్రుచ్చి పెట్టుదురట. దహనమైన తరువాత బంధువులు ఎముకలను పుల్లలతో ఏరి, ఒకరి పుల్లలనుండి యొకరి పుల్లలకు అందించుకొని కుండలో ఉంతురట. కాళ్ళ యెముకలు మొదట, తలయెముక కడపట. బ్రదికియున్నవారు భోజనమున ఈ రెండు పనులను చేయరు. “అక్కా, ఆవిడ భర్త పోయి ఇంకను ఆరు నెలలు కాలేదు. నేను ముందుగా చెప్పవలసినది” అని వాడు తల వంచుకొనెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెలియక చేసితినని సరిపెట్టుకొనవచ్చును. నన్ను కలచినది వేరు. నాకిది తెలియవలసినది. ఆశ్వలాయన గృహ్యసూత్రమున అస్థిసంచయనము పాదములనుండి మొదలిడి శిరస్సుతో ముగింపవలెనని యున్నదని మా నాన్నగారు చెప్పగా వినినదానను. ఏటేట మా యింట ఆబ్దికమునాడు మావారు యజ్ఞోపవీతమును అపసవ్యము చేసికొనుట చూచుచున్నదానను. దేవతలకు సవ్యము, పితరులకు అపసవ్యము. మంగళకార్యమున ఒక తీరు, ఆ కార్యమున దానికి తలక్రిందైన తీరు. అక్కడను అంతే. కిమోనో యను వస్త్రమును తొడుగువారు తమ ఎడమ అంచు కుడి యంచుపై వచ్చునట్లు కట్టుకొందురు. 719లోనే గెన్షో యను చక్రవర్తిని ప్రజలందరు అట్లే ధరింపవలెనని శాసించినది. పోయినవారికి మాత్రము కుడి యంచును పైకి తెచ్చి కట్టుదురు. చన్నీట వేన్నీరు పోసి తొలపుట మన యింటి వాడుక గాని, వారు ఆ రీతిని శవస్నానమునకే యుంచుకొనిరి. విస్తరి వేయునప్పుడు కొస యెటుండవలెనో నాకు ఎవరు నేర్పిరి? మా అమ్మ, మా యత్తగారు. ఏ పుస్తకమునను చదువలేదు. ఆపస్తంబుడంతటివాడు తన ధర్మసూత్రము చివర, చెప్పగా మిగిలిన ధర్మములను స్త్రీలవలనను అన్ని వర్ణములవారివలనను తెలిసికొనవలెనని కొందరి మతముగా చెప్పి విడిచెను. ఇంత తెలిసిన నేను, క్రింది గదిలో నలుబదియేండ్లు కాపురము చేసిన స్త్రీని, మీ భోజనపు బల్లపై చేయరానిదేమని ఒక్కమారు అడుగలేదు. పుల్లలు పట్టుట మాత్రము నేర్చితిని.

మరునాడు క్షమాపణ చెప్పుటకు వట్టి చేతులతో పోరాదని పూల అంగడికి పోయితిని. తెల్లని చేమంతులు ముచ్చటగా నుండెను. నాలుగు కొమ్మలు చేత పట్టుకొంటిని. తమ్ముడు పరుగున వచ్చి వానిని లాగుకొనెను. తెల్లచేమంతి అక్కడ చావింటికి తీసికొనిపోవు పువ్వు. నాలుగు అనుటకును చావు అనుటకును వారి భాషలో ‘షి’ అను నొక్కటే ధ్వని యుండుటచే ఆ లెక్కతో కానుక లియ్యరు. నాకు నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియలేదు. తుదకు ఏవో మిఠాయిలు, అయిదు లెక్కపెట్టి, కొనిపోయితిమి.

వృద్ధురాలు పెట్టెను రెండు చేతులతో అందుకొని, దానిని విప్పక, లోపలి గదిలో అలమరవలె నున్న బుద్ధుని మందిరము నెదుట నుంచెను. అందు ఆమె భర్త చిత్తరువు కలదు. నన్ను కూర్చుండుమని సైగ చేసి ఒక అగరువత్తి ఇచ్చెను. దీపమున వెలిగించితిని. మంట లేచినది. దానిని చేతితో విసరి ఆర్పితిని. అప్పుడామె తమ్మునివైపు తిరిగి ఏదియో అడిగెను. ఈ విధము ఈమెకు ఎవరు చెప్పిరని యడిగినదట. అక్కడ అగరువత్తి మంటను నోటితో ఊదుట తప్పు. ఎవ్వరును చెప్పలేదు. మా యింట దీపమును నోటితో ఊదినచో వీపు మ్రోగును!

అటుపిమ్మట ఆమె చాలసేపు మాటాడెను. తమ్ముడు తెలిగించుచు పోయెను. ఆయన గిన్నె నిండ అన్నము పెట్టిన కోపపడువాడట. వైద్యుడు తగ్గింపుమని చెప్పినప్పటినుండి సగము గిన్నెయే తినువాడట. పోయిననాడు ఆమెయే వండి, తలదిండు కడ ఎత్తుగా పోసి, పుల్లలు గ్రుచ్చినది. అంత అన్నము ఆయనకు పెట్టుట పండ్రెండేండ్లలో అదియే మొదలట. నిన్న నా గిన్నెలో పుల్లలు నిలువుగా చూచినప్పుడు ఆమెకు భయము కలుగలేదట. ఆ గిన్నె జ్ఞాపకము వచ్చినదట. కూతురును ఆమెయు రాత్రి ఆయనను గూర్చి మాటాడుకొనిరట. చాలదినములుగా ఆ మాట ఎత్తుకొనలేదట. ఇది నా మనసు నొవ్వకుండుటకు అన్నదో, నిజముగానే అన్నదో నేను చెప్పలేను. నేను చేసినది దీనివలన ఒప్పు కాదు. ఆమె నవ్వలేదు, అది మాత్రము చెప్పగలను.

బయలుదేరు దినము వచ్చినది. మనము ఇల్లు విడుచునప్పుడు పోవుచున్నానని యనము, పోయి వచ్చెదనని యందుము. జపాను వారును ‘ఇత్తె కిమస్’ అందురు. అక్షరాల పోయి వచ్చెదననియే యర్థము. తమ్ముడు ప్రతి యుదయమును ఆ మాట అనుచుండగా విని, ఒక్క మాటయైన మన మాటవంటిది దొరికినదని మురిసి, దానిని గట్టిగా జ్ఞాపకము పెట్టుకొంటిని. వాకిట పల్లములో నా చెప్పులు అప్పటికే ముందువైపు వీధికుండునట్లు ఎవరో త్రిప్పి పెట్టియుండిరి. తొడుగుకొని, వంగి, రెండు చేతులు జోడించి, “ఇత్తె కిమస్” అంటిని.

తమ్ముడు చటుక్కున నావైపు చూచెను. ఆ మాట ఇంటివారే యనవలెనట. సెలవు తీసికొను అతిథి, మీకు అడ్డము వచ్చితినని క్షమాపణగా మరియొక మాట యనవలెనట. ఆనాటి భోజనమునందువలెనే క్షణము సేపు ఎవ్వరును మాటాడలేదు. నా గుండె జారినది. అంతలో ఆ పిల్ల అమ్మమ్మ చెంగు పట్టి లాగెను. వృద్ధురాలు మెట్టు దిగి వచ్చి, తన యింటినుండి బడికి పోవు పిల్లకు ప్రతిదినము చెప్పు మాటనే నాకు చెప్పెను: “ఇత్తెరషాయ్.” పోయి రమ్మని.